నేలకు చప్పట్లు కొడితే ఏం వినిపిస్తుంది?

[గోల్కొండ, ఫతే దర్వాజా. కమాను కింద చప్పట్లు.]

ఇక్కడ చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దగ్గర వినిపిస్తుందని గోల్కొండ చూసినవాళ్లందరికీ తెలుసు. ఇప్పుడు అవే చప్పట్లు నేలకు కొడదాం.

[ఎర్రమట్టి. ఇనప పలక మీద సమ్మెట దెబ్బ.]

దెబ్బ పడగానే ప్రకంపన లోపలికి దిగుతుంది. ఒక పొర అయిపోయి ఇంకో రకం పొర మొదలయ్యే చోట, అందులో కొంత వెనక్కి తిరిగి పైకొస్తుంది. దాన్ని పట్టుకునేది ఇదిగో, జియోఫోన్.

[అరచేతిలో జియోఫోన్, దగ్గరగా.]

చిన్న డబ్బా, కింద మేకు. లోపల అయస్కాంతం, స్ప్రింగుకు వేలాడే తీగచుట్ట. నేల కదిలితే డబ్బాతో పాటు అయస్కాంతం కదులుతుంది. తీగచుట్ట మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. ఆ కాస్త తేడాకే కరెంటు పుడుతుంది. మేకు వదులైతే గాలికి ఊగినా సిగ్నలే! అందుకే గట్టిగా నొక్కి దింపుతారు.

ఊళ్లో బస్సులు, బోరు బండ్ల చప్పుడు మధ్య ఒక్క దెబ్బ ఏం వినిపిస్తుంది? అందుకే ఒకే చోట పదేపదే కొట్టి రికార్డులన్నీ కలుపుతారు. 16 దెబ్బలు కలిపితే, ఎలా పడితే అలా వచ్చే రొదతో పోలిస్తే సిగ్నల్ నాలుగు రెట్లు తేలుతుంది.

[మెట్రో, ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్ బోర్డు.]

ఈ పేరు రోజూ చూస్తుంటాం కదా. 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఇది. భూమి లోపలి పొరలను ఇలా తరంగాలతో చదవడం ఇక్కడి శాస్త్రవేత్తల పనుల్లో ఒకటి.

నన్ను బాగా ఆకట్టుకునేది ఆ తర్వాతి మెట్టు. కొన్నేళ్లాగి అదే చోట మళ్లీ సర్వే చేసి, ప్రతిధ్వనులతో గీసిన కొత్త బొమ్మలోంచి పాతది తీసేస్తే, మిగిలేది మార్పు.

[సముద్రం మ్యాప్: స్లైప్నర్.]

నార్వే దగ్గర స్లైప్నర్‌లో 1996 నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను సముద్రగర్భం కింద, ఉప్పునీళ్లు నిండిన ఇసుకరాయిలోకి పంపారు. పంపకముందు 1994లో ఒక సర్వే ఉంది. 1999లో మళ్లీ చూస్తే, మునుపు పెద్దగా ఏమీ లేనిచోట ప్రతిధ్వనులు మెరిసిపోతూ కనిపించాయి! గ్యాస్ చేరిన రాయిలో తరంగం నెమ్మదిస్తుంది, అందుకే ఆ మెరుపు. దాని కింది పొరలు కూడా కిందికి జారినట్టు కనిపించాయి. నిజానికి అవి కదల్లేదు, వాటి ప్రతిధ్వని ఆలస్యమైందంతే.

మన దగ్గర ఇలా పోల్చాలంటే వానాకాలంతోనే చిక్కు.

[గ్రానైట్ గుండు, పక్కన తవ్విన గుంత.]

మన గ్రానైట్ మీద వదులైన మొరం పొర ఉంటుంది. అది 30 మీటర్లు ఉందనుకోండి. ఎండాకాలం తరంగం అందులో సెకనుకు 1000 మీటర్లు పోతే, వెళ్లి రావడానికి 60 మిల్లీసెకన్లు. వానలకు నీళ్లు నిండి వేగం 1500 అయితే, 40 చాలు. కింద రాయి అంగుళం మారకపోయినా, బొమ్మంతా 20 మిల్లీసెకన్లు జరిగిపోతుంది! గ్రానైట్‌లో తరంగం సెకనుకు 5000 మీటర్లు పోతుందనుకుంటే, ఆ 20 మిల్లీసెకన్లు 50 మీటర్ల లోతుతో సమానం.

[జియోఫోన్ పీకిన చోట మేకు, దాని మీద నంబరు.]

అందుకే జియోఫోన్ పీకేముందు ఆ చోట గుర్తుగా ఒక మేకు దింపి, నంబరు వేసి, తేదీ, దగ్గరి బావిలో నీటిమట్టం ఒక పుస్తకంలో రాసుకోవాలి. రెండోసారి వచ్చేవాళ్లు ఈ పుస్తకం తెరిచి, ఇదే మేకు వెతుక్కుని, వీలైతే ఇదే నెలలో సమ్మెట ఎత్తాలి.