కోటి రూపాయల వేగం మన రోడ్ల మీద ఎంత చేస్తుంది?

(నల్లగొండ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: మిర్యాలగూడకు చెందిన రైస్ మిల్లు యజమాని, జడ్చర్ల మెకానిక్, మహబూబ్‌నగర్ ఆడిటర్, ఇంజినీరింగ్ కళాశాలలో మెకానికల్ విభాగం అధ్యాపకురాలు.)

వ్యాఖ్యాత: నమస్కారం. చౌటుప్పల్, షాద్‌నగర్ వైపు భూమి అమ్మిన ఇంటి ముందు పెద్ద కారు నిలబడితే ఒకప్పుడు ఊరంతా చూడటానికి వచ్చేది. ఇప్పుడు మిర్యాలగూడ సందుల్లో కూడా నాలుగైదు సెకన్లలో గంటకు నూరు కిలోమీటర్ల వేగం అందుకునే లగ్జరీ కార్లు కనిపిస్తున్నాయి. పెట్టిన డబ్బుకు తగిన విలువ వాటిలో ఉందా? ముందు కొన్నవారి మాట విందాం. అన్నా, మీకు తృప్తిగా ఉందా?

మిల్లు యజమాని: ఉంది. దాచుకోవడం దేనికి? నాది మూడేళ్లు వాడిన కారు, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. మొదటి యజమాని పెట్టినదాంట్లో సగానికి కాస్త పైన దొరికింది. దేవరకొండ రోడ్డులో పత్తి లారీ వెనక ఇరుక్కుని పది నిమిషాలు పొగ మింగినవాళ్లకు పికప్ విలువ తెలుస్తుంది. నా పాత డీజిల్ కారులో ఆ లారీని దాటాలంటే ఎదురొచ్చే బస్సును చూస్తూ ఊపిరి బిగబట్టేవాణ్ని. ఇప్పుడు రోడ్డు ఖాళీ అయిందంటే కాలు నొక్కడం, మళ్లీ నా వరుసలోకి వచ్చేయడం, అంతే. ఎదురు వరుసలో ఉండే సమయం తగ్గింది. దాన్ని షోకు అంటే నేను ఒప్పుకోను.

అధ్యాపకురాలు: ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. రెండు వరుసల రోడ్డు మీద ఎనభై నుంచి నూట ఇరవైకి ఎంత త్వరగా చేరతామన్నది భద్రతకు సంబంధించిన విషయమే. నా అభ్యంతరం ధర గురించి. బీఎండబ్ల్యూ ఎం340ఐ మన దేశంలోకి 2021 మార్చిలో 62.90 లక్షల షోరూం ధరతో వచ్చింది. నూరు అందుకోవడానికి 4.4 సెకన్లు. 2024 మార్చిలో చైనా విద్యుత్ కారు బీవైడీ సీల్ వచ్చింది, అన్నిటికన్నా శక్తిమంతమైన రకానికి 53 లక్షలు, 3.8 సెకన్లు. అదే ఏడాది నవంబరులో మహీంద్రా విద్యుత్ కారు బీఈ 6ను 18.90 లక్షల ప్రారంభ ధరతో ప్రకటించారు. పెద్ద బ్యాటరీ ఉన్న రకం 6.7 సెకన్లలో నూరు దాటుతుంది. ఒకప్పుడు ఆ వేగం కావాలంటే జర్మనీ కారు కొనాల్సిందే. విద్యుత్ మోటారు వచ్చాక పికప్ ఒక్కదాని కోసం కోటి పెట్టాల్సిన పని లేదు.

మెకానిక్: మేడం, పరిగెత్తడం చౌకయింది, ఆగడం ఇంకా చౌక కాలేదు. ఖరీదైన కారు చక్రం విప్పి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది. బ్రేకు డిస్కు పళ్లెమంత ఉంటుంది, మధ్యలో గాలి పోవడానికి దారులు ఉంటాయి. డిస్కును బిగించి పట్టే కాలిపర్‌ను రెండు చేతులా పట్టుకోవాలి. ఇంజను నూనెను చల్లబరిచే రేడియేటర్లు విడిగా ఉంటాయి.

అధ్యాపకురాలు: నిజమే. వేగం రెట్టింపయితే బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. అరవై నుంచి ఆగడానికీ నూట ఇరవై నుంచి ఆగడానికీ మధ్య తేడా అదే. పైగా ఆ సీల్ లాంటి విద్యుత్ కార్లు బ్యాటరీ బరువుతో రెండు టన్నులు దాటిపోతున్నాయి. నాణ్యమైన బ్రేకులు, సస్పెన్షన్, చల్లబరిచే ఏర్పాట్లు, వీటికి పెట్టే డబ్బును నేను వృథా అనను.

వ్యాఖ్యాత: మరి మన రోడ్లు? తమ్ముడు ఏదో తెచ్చినట్టున్నాడు.

మెకానిక్: టైరు ముక్కలు. ఇది లగ్జరీ కారుది, 255/35 సైజు, అంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 35 శాతం; పందొమ్మిది అంగుళాల చక్రానిది. టేపు పెట్టి చూడండి, రిమ్ము నుంచి రోడ్డు దాకా రబ్బరు ఎత్తు 89 మిల్లీమీటర్లు. ఇది పాత ఆల్టో టైరు, 145/80. దీని ఎత్తు 116. చిన్న కారుకు ఉన్న మెత్త కూడా దానికి లేదు. మలుపులో కారు గట్టిగా పట్టుకోవాలని అలా చేస్తారు, అది తప్పు కాదు. కానీ గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. టైరు పక్క గోడలోని దారాలు తెగితే బయటికి బొడిపెలా ఉబ్బుతుంది. వేలు పెట్టి నొక్కండి, ఇదిగో. పంక్చరైతే అతుకు వేయొచ్చు, బొడిపెకు మందు లేదు. టైరు మార్చాల్సిందే.

మిల్లు యజమాని: నాకు హాలియా దాటాక అదే జరిగింది. రాత్రి తొమ్మిదిన్నర అయింది, వాన పడుతోంది, నీళ్ల కింద గుంత కనిపించలేదు. దిగి చూస్తే డిక్కీలో స్టెప్నీ లేదు. గాలి పోయినా నడిచే టైర్లు కాబట్టి స్టెప్నీ అక్కర్లేదని ముందే చెప్పారు. గంటకు ఎనభై దాటకుండా ఎనభై కిలోమీటర్లు వెళ్లొచ్చట. ఆ సైజు టైరు దొరికేది హైదరాబాదులో, అక్కడికి నూరు కిలోమీటర్లకు పైనే. నల్లగొండలో తెలిసినవాళ్ల ఇంటి ముందు కారు వదిలి బస్సెక్కాను. మర్నాడు క్రేన్ బండి మీద పంపించాం.

వ్యాఖ్యాత: అయినా అమ్మలేదు.

మిల్లు యజమాని: అమ్మలేదు. తెల్లవారుజామున నార్కట్‌పల్లి దాటి హైదరాబాదు దారి పట్టానంటే ఆ ఇంజను చప్పుడు వినడం నాకు ఇష్టం. దానికి లెక్కలు వేయమంటే వేయలేను.

ఆడిటర్: మీరు వేయకపోతే నేను వేస్తాను. ప్రేక్షకులు ఒక్క నిమిషం ఓపికగా వినాలి. షోరూం ధర 70 లక్షలు అనుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద పెట్రోలు, డీజిల్ కార్లకు జీఎస్టీ 40 శాతం. అంటే ఆ 70 లక్షల్లో కారు ధర 50, పన్ను 20. ఆ 70 మీద మళ్లీ రోడ్డు పన్ను, అంటే ఒకేసారి కట్టే జీవితకాల పన్ను. మన రాష్ట్రంలో 20 లక్షలు దాటిన కార్లకు 2022లోనే దాన్ని 18 శాతం చేశారు. అదే లెక్కన చూసినా 12 లక్షల 60 వేలు. రెండూ కలిపితే 32 లక్షల 60 వేలు. 50 లక్షల కారుకు! బీమా ఇంకా చెప్పలేదు.

వ్యాఖ్యాత: ఇక్కడ బిగించిన కార్లకే అంత అయితే, తయారై ఓడ దిగే కార్ల సంగతి?

ఆడిటర్: 2025 బడ్జెట్ ప్రకారం 40 వేల డాలర్లు దాటిన కారుకు కస్టమ్స్ సుంకం 70 శాతం, దానికి తోడు కారు ధర మీదే వ్యవసాయ సెస్సు 40 శాతం. రేవులో 50 లక్షలకు దిగిన కారు సుంకం కట్టేసరికి కోటి ఐదు లక్షలవుతుంది, జీఎస్టీతో కోటి నలభై ఏడు. కంపెనీ లాభం, డీలరు కమీషను ఇందులో వేయలేదు. విదేశాల్లో ఆ కారు ధరకు తగినదేనని రాసిన సమీక్ష చదివి ఇక్కడ కొనేవారికి నేను చెప్పేది ఇదే. వాళ్లు తూచింది 50 లక్షల కారును. మీరు కొంటున్నది కోటిన్నరకు.

అధ్యాపకురాలు: విద్యుత్ కారుకు జీఎస్టీ 5 శాతమే కదా?

ఆడిటర్: అవును. పైగా 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు ఆఖరు దాకా తెలంగాణలో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించారు. మరో మాట. మిల్లు పేరున కొంటే జీఎస్టీ వెనక్కి తీసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. డ్రైవరుతో కలిపి పదమూడు సీట్లు మించని ప్రయాణికుల కారుకు ఆ అవకాశం లేదు, అద్దెకు తిప్పడం వంటి కొన్ని వ్యాపారాలకు తప్ప.

మిల్లు యజమాని: అందుకే పాతది కొన్నాను. ఆ పన్ను మొదటాయన కట్టేశాడు.

ఆడిటర్: మీరు చేసింది సరైన పని. బీమా లెక్కలో మూడేళ్లు దాటిన కారుకు 40 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం తగ్గిస్తారు. ఆ నష్టమంతా మొదటివారి మీదే పడుతుంది. కాకపోతే వేరే రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ అయిన కారు చౌకగా వస్తోందని తెచ్చుకుంటే, ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను కట్టాలి.

మెకానిక్: మరమ్మతు ఖర్చు మాత్రం సగానికి తగ్గదు అన్నా. కారు పాతదైనా విడిభాగం ధర కొత్తదే. వారంటీ అయిపోయిన కారును నా దగ్గరికి తెస్తారు. కంప్యూటర్ పెట్టి లోపం చదవగలను, కానీ కొన్ని భాగాలు మార్చాక కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో కోడింగ్ చేస్తే తప్ప పనిచేయవు. నా కొట్టులో అది లేదు. జడ్చర్ల నుంచి హైదరాబాదుకు పంపడం తప్ప దారి ఉండదు. చేతనైనంత చేసి, కానిది కాదని చెప్పేస్తాను.

వ్యాఖ్యాత: ఇంత వేగాన్ని వాడుకునే చోటు ఎక్కడుంది?

అధ్యాపకురాలు: లేదు. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠం 100. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద 120. ఇలాంటి పెట్రోలు కార్లు మొదటి మూడు గేర్లలోనే ఆ హద్దు దాటేస్తాయి. రహదారికి ఆనుకునే మన పల్లెలు ఉన్నాయి, గేదెలు దాటుతుంటాయి, దూరంగా ఉన్న మలుపు దాకా వెళ్లే ఓపిక లేక ఎదురు దిశలో ట్రాక్టరు వస్తుంది. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. నా విద్యార్థులు వీడియోల్లో చూసిన వేగాన్ని ఇక్కడ ప్రయత్నిస్తామంటే భయం వేస్తుంది.

వ్యాఖ్యాత: జడ్చర్ల దగ్గరి పల్లె నుంచి ఫోను. చెప్పండి.

ప్రేక్షకుడు: సార్, మా భూమిలో కొంత ప్లాట్లవాళ్లకు అమ్మాం. నాకు ఇరవై ఆరేళ్లు. చిన్నప్పటి నుంచి అలాంటి కారు కొనాలని ఆశ. ఇప్పుడు కొనొచ్చా?

మిల్లు యజమాని: తమ్ముడూ, నేను మిల్లులో మిగిలిన డబ్బుతో కొన్నాను. వచ్చే వడ్ల సీజనుకు మిల్లు మళ్లీ ఆడుతుంది. అమ్మిన భూమి మళ్లీ పండదు. ఆశ ఉండటం తప్పు కాదు. ఆదివారం మిర్యాలగూడ రా, నా కారు నువ్వే నడుపు. పక్కన నేను కూర్చుంటాను.

ప్రేక్షకుడు: వస్తాను సార్. ఒక్క నిమిషం, మా నాయన మాట్లాడతాడట.

ప్రేక్షకుడి తండ్రి: అయ్యా, ఇందాక ఇరవై, పన్నెండు లక్షల పన్ను అన్నారు. రెండేళ్లకు కారు అమ్ముకుంటే అందులో ఏమైనా తిరిగి వస్తుందా?

ఆడిటర్: పన్నుగా కట్టింది ప్రభుత్వం మీకు తిరిగి ఇవ్వదండి. కొనేవారు ఆ రోజు కారుకు ఇచ్చే ధరే మీకు దక్కేది.

ప్రేక్షకుడి తండ్రి: బాలానగర్ వైపు రెండెకరాలు చూసి పెట్టాం. వీడే కాగితాలు చూస్తున్నాడు. ముందు అది కానివ్వండి. ఆదివారం వీణ్ని మాత్రం మీ దగ్గరికి పంపిస్తాను.