ప్రేమను మోసిన మాట

శ్రోతలకు నమస్కారం. ఫిలాసఫీ అనే మాట మన నోళ్లలో నలిగి నలిగి పనికిరాని కబుర్లకు కూడా మారుపేరైంది గాని, అది పుట్టిన గ్రీకు భాషలో దానికి గొప్ప వినయం ఉంది. ‘ఫిలోస్’ అంటే ప్రియమైనవాడు, ‘సోఫియా’ అంటే జ్ఞానం. అంటే జ్ఞానం నా దగ్గర ఉందని కాదు, జ్ఞానమంటే నాకు మక్కువ అని మాత్రమే ఆ మాట చెబుతుంది.

దీని పుట్టుక గురించి రోమన్ వక్త సిసిరో ఒక కథ చెప్పాడు. మీరు నేర్చిన విద్య ఏమిటని ఫ్లియస్ నగర పాలకుడు లియోన్ అడిగితే, పైథాగరస్ తనకు ఏ విద్యా రాదనీ, తాను ఫిలాసఫర్‌ననీ బదులిచ్చాడట. జీవితం క్రీడోత్సవం వంటిదనీ, అక్కడికి కొందరు గెలుపు కిరీటం కోసం, కొందరు బేరసారాల కోసం వస్తే, ఇంకొందరు ఏమీ ఆశించక కేవలం చూడడానికే వస్తారనీ, తాను ఆ మూడో రకమనీ వివరించాడట. ఇది నిజంగా జరిగిందా అని పండితులు సందేహించారు. కథ మాత్రం బాగుంది.

ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, పోలిష్, చివరికి గ్రీకుతో చుట్టరికం లేని హంగేరియన్, ఫిన్నిష్ భాషలు కూడా ఈ మాటను కాస్త యాస మార్చి అలాగే తీసుకున్నాయి. అందులో ఆశ్చర్యం లేదు. అర్థాన్ని అనువదించుకున్న భాషలే ఆసక్తికరం. డచ్చివారు ఫిలాసఫీతో పాటు ‘వైస్‌బెఖేర్తె’ అని కూడా అంటారు. అందులోని ‘బెఖేర్తె’ మర్యాదైన స్నేహం కాదు, తీరని కోరిక; గ్రీకు మాట కన్నా ఇదే ఘాటుగా ఉందని నాకు అనిపిస్తుంది. రష్యన్‌లో ‘ల్యుబొముద్రియె’ అనే పాత మాట ఉంది, అదీ జ్ఞానప్రేమే. 1823లో మాస్కో యువకులు కొందరు తమ రహస్య సంఘానికి ఆ పేరే పెట్టుకున్నారు. ఫిలాసఫర్లంటే పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి వాగుడుకాయలని జనం అనుకుంటారన్నదే వారి బెడద. జార్ చక్రవర్తి మీద జరిగిన 1825 డిసెంబరు తిరుగుబాటు విఫలమైన తరువాత, భయంతో, ఆ సంఘాన్ని వారే రద్దు చేసుకున్నారు.

ఐస్‌లాండ్ వారు ప్రేమను పూర్తిగా వదిలేశారు. వారి ‘హేమ్‌స్పేకి’లో ‘హేమ్’ లోకం, ‘స్పేకి’ జ్ఞానం, లోకజ్ఞానం అన్నమాట.

మన తత్త్వశాస్త్రంలోనూ ప్రేమ లేదు. ‘తత్’ అంటే అది, తత్త్వమంటే అది అదిగా ఉండడం. కాని మనకు ‘దర్శనం’ అనే ఇంకో మాట ఉంది, దాని ధాతువుకు అర్థం చూడడం. పైథాగరస్ చెప్పిన ఆ మూడో మనిషి ఉత్సవానికి వచ్చింది అందుకే కదా.