బావి పూడ్చే ముందు ఒక్క మాట

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం, అదీ క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు, వాన నీళ్ల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే మీ బిల్డింగులు కూడా జాయింట్ వెంచర్‌కి, అంటే పాతది కూల్చి కొత్తది కట్టడానికి బిల్డరు చేతికి, వెళ్తున్నాయని అర్థమైపోయింది. మన చెన్నై టి.నగర్‌లో, వెస్ట్ మాంబళంలో ఏ వీధిలో చూసినా ఏదో ఒక పాత ఫ్లాట్ల బిల్డింగు కూలుతూనే ఉంది. మన మీటింగుల్లో మాట్లాడేది మాత్రం ఎన్ని చదరపు అడుగులు వస్తాయి, కారు పార్కింగు ఎన్ని, బయట ఉన్నన్నాళ్లు బిల్డరు అద్దె ఎంత ఇస్తాడు. వాన నీళ్లు ఎటు పోతాయని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు, అందుకే ఇవాళ ఇక్కడ నిలబడ్డాను.

ముందు ఒక పాత సంగతి. 1920ల్లో టి.నగర్ కట్టేదాకా ఇక్కడ పెద్ద చెరువు ఉండేది, లాంగ్ ట్యాంక్ అనేవారు. నుంగంబాక్కంలో ట్యాంక్ బండ్ రోడ్డు, వెస్ట్ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు అన్న పేర్లు ఊరికే రాలేదు. ఇప్పుడైతే ఆ వ్యూ కార్తీక మాసం వానల్లోనే కనిపిస్తుంది అనుకోండి. టి.నగర్ అంటే త్యాగరాయ నగర్, ఆ పేరు త్యాగరాయ చెట్టిగారిది, ఇక్కడి పార్కుకి పేరు పానగల్ రాజావారిది, ఇద్దరూ తెలుగువాళ్లే కాబట్టి చెరువు పూడ్చిన పాపంలో మీకూ వాటా ఉందని మా తమిళ స్నేహితుడు ఏడిపిస్తుంటాడు. నీరు పల్లమెరుగు అంటారు కదా, మనం మరిచిపోయినా ఆ నీళ్లకి పాత దారి గుర్తుంది. 2015లో వరద వచ్చింది, 2021లో మళ్లీ వచ్చింది.

లెక్క చాలా సులువు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఒక గ్రౌండ్ అంటే 2,400 చదరపు అడుగులు, సుమారు 223 చదరపు మీటర్లు. చెన్నైలో ఏడాదికి సగటున 1,400 మిల్లీమీటర్లు పడుతుంది, అంటే ఒక్క గ్రౌండ్ మీద మూడు లక్షల లీటర్ల పైమాటే. 12,000 లీటర్ల ట్యాంకర్ల లెక్కలో చూస్తే 26 ట్యాంకర్లు. 2019 ఎండాకాలంలో ట్యాంకరు కోసం ఎవరి కాళ్లావేళ్లా పడ్డామో మీకు గుర్తుండే ఉంటుంది, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. కండలేరు నుంచి పూండి దాకా 177 కిలోమీటర్ల కాలువ తవ్వి కృష్ణ నీళ్లు తెచ్చుకుంటాం, మన డాబా మీద పడిన నీళ్లని మాత్రం వీధిలోకి తోసేస్తాం.

వెనకటి ఇళ్లలో పెరడు ఉండేది, కొబ్బరి చెట్టు, కరివేపాకు, మూలన బావి. వాన పడితే సగం అక్కడే ఇంకేది. కొత్త బిల్డింగులో గోడ నుంచి గోడ దాకా టైల్సే. గంటలో ఐదు సెంటీమీటర్లు కొడితే ఒక్క గ్రౌండ్ నుంచే 11,000 లీటర్లు, దాదాపు ఒక ట్యాంకరు, ఆ గంటలోనే వీధి కాలువలో పడాలి. అలాంటి ప్లాట్లు వీధికి ఇరవై.

మా బిల్డింగు సంగతి చెప్తాను. పాతది కూల్చగానే ఆ రద్దంతా బావిలోకి పోయింది, మేం వెళ్లి చూసేసరికి మీద కాంక్రీటు కూడా పడింది. పైలింగ్ చేసిన, అంటే పునాది స్తంభాల కోసం లోతుగా తవ్విన బురదనీ, సిమెంటు కడిగిన నీళ్లనీ మోటారు పెట్టి వీధి కాలువలోకి తోడేశారు. కాలువలో సిమెంటు నీళ్లు ఊరుకుంటాయా, అడుగున పేరుకుని గట్టిపడ్డాయి. తర్వాత మనిషి దిగి గునపంతో కొడితే ఖంగుమంది. పైగా మా ప్లాటుని రెండడుగులు ఎత్తు లేపించాం. ఆ దీపావళి వానకి మా స్టిల్ట్‌లో, అంటే బిల్డింగు కింద స్తంభాల మధ్య పార్కింగులో, కార్లు పొడిగా ఉన్నాయి, పక్కింటి మామి వంటింట్లో గ్యాస్ సిలిండరు తేలింది.

సిగ్గేసి బావి మళ్లీ తవ్వించాం. అక్కడ ఇంకో తప్పు చేశాం. డాబా నీళ్లు, కార్లు తిరిగే చోట పడ్డ నీళ్లు అన్నీ కలిపి అందులోకే వదిలాం. రెండు వానల తర్వాత చేదేసి తోడితే నీళ్ల మీద రంగురంగుల నూనె పొర! కార్ల నుంచి కారిన ఆయిలు, టైరు పొడి, కుక్కల పెంట, అన్నీ భూమిలోకే పంపుతున్నాం. వాన నీళ్లన్నీ ఒకటి కావు, ఇది నేను నేర్చుకున్న అసలు పాఠం. డాబా నీళ్లు వేరే పైపులో రావాలి; చాన్నాళ్లకి పడిన మొదటి వాన పావురాల రెట్టలు కడుక్కొస్తుంది కాబట్టి కాసేపు బయటికి వదిలేసి, తర్వాతవి ఇసుక, కంకర వడపోత దాటించి బావికి పంపాలి. కింద కార్లు తిరిగే చోటి నీళ్లు బావి జోలికే రాకూడదు, వాటికి మట్టి పేరుకునే తొట్టి ఒకటి, ఆ తర్వాత గడ్డీ మొక్కలూ ఉన్న పల్లపు మట్టి. నాలుగడుగుల వెడల్పు మట్టి చాలు, కానీ బిల్డర్లకి మట్టి కనిపిస్తే చేతులు దురద.

ఇంకోటి, బావి పొంగితే బయటికి పోయే పైపు రోడ్డు కంటే ఎత్తులో పెట్టించండి. వీధి కాలువలో డ్రైనేజీ కలిసే చోట్లు చాలానే ఉన్నాయి, కాలువ నిండితే ఆ మురుగు మీ పైపులోంచే వెనక్కొచ్చి బావిలో పడుతుంది.

తమిళనాడులో 2003 నుంచి వాన నీళ్ల ఇంకుడు ఏర్పాటు తప్పనిసరే. సర్టిఫికెట్ కోసం మూడడుగుల గుంట తీసి కంకర పోసి చూపిస్తారు. కింద బంకమట్టి ఉంటే ఆ గుంట తొట్టిలా నిండి కూర్చుంటుంది, ఇసుక పొర తగిలేదాకా బోరు దింపాల్సిందే. సంతకం పెట్టకముందే మట్టి పరీక్ష రిపోర్టు అడగండి, ఎలాగూ పునాది కోసం వాళ్లు చేయిస్తారు. బావి ఉంచాలనీ, పైలింగ్ బురద తొట్టిలో తేరాకే కాలువలోకి వదలాలనీ అగ్రిమెంటులో రాయించండి. నోటిమాట మీద నమ్మకండి, మాకూ నోటితోనే చెప్పారు.

పోయిన నవంబరులో మామి ఇంట్లోకి నీళ్లు రాలేదు, వాకిట్లో చీలమండ దాకా వచ్చి ఆగాయి. మా రెండడుగుల ఎత్తు అలాగే ఉంది కదా, వాన మొదలవగానే ఆవిడ గోడ మీంచి తొంగి చూసి మీ బావి నిండిందా అని అడుగుతుంది.