రచయిత పేరు లేని పుస్తకానికి వయసు కట్టడం: 'నోవెల్లినో' కథలు

నమస్కారం. ఇటలీ పాత కథల సంపుటి 'నోవెల్లినో' ఎప్పటిదో ఎలా తేలుస్తారో ఈ వీడియోలో చూద్దాం. రచయిత పేరు లేదు, తేదీ లేదు. ఉన్నవల్లా వంద చిన్న చిన్న కథలు.

దీన్ని మొదట అచ్చు వేయించింది కార్లో గ్వాల్తెరుత్సి, 1525లో, బొలోన్యాలో. 1572లో ఫ్లోరెన్స్‌లో బోర్గీని అనే పండితుడు మళ్లీ వేస్తూ కొన్ని కథలు తీసేసి వేరేవి చేర్చాడు! అందుకే మీ చేతిలో ఉన్నది ఏ ప్రతో ముందు చూసుకోండి. ఫ్లోరెన్స్ జాతీయ గ్రంథాలయంలో 14వ శతాబ్దం తొలి దశాబ్దాల నాటి రాతప్రతి ఒకటి ఉంది. కథలు అచ్చుప్రతితో పూర్తిగా కలవవు గానీ, సంపుటి అప్పటికే పుట్టిందని తెలుస్తుంది.

మరి ఎంత ముందు? 60వ కథ తెరవండి. అందులో ఆంజూ ప్రభువు చార్లెస్‌ను 'సిసిలీకి, జెరూసలేంకి రాజు' అంటారు. ఆయన జెరూసలేం సింహాసనంపై హక్కు కొనుక్కున్నది 1277లో. ఆ మాట అంతకుముందు రాసే వీలే లేదు. నాకు బాగా నచ్చిన ఆధారం ఇదే. అయితే బిరుదును తర్వాతి లేఖకుడెవరైనా చేర్చి ఉండొచ్చు కదా? అందుకే భాషనూ మిగతా కథలనూ కలిపి చూస్తారు. పండితులు ఎక్కువగా చెప్పేది 1280–1300 మధ్య అని.

సంపుటి వయసు వేరు, కథ వయసు వేరు. 14వ కథలో రాజకుమారుణ్ణి పదేళ్లు చీకట్లో పెంచుతారు. బయటికి తెచ్చి అన్నీ చూపిస్తూ, ఆడవాళ్లను 'దయ్యాలు' అని చెబుతారు. ఏది నచ్చిందంటే, 'ఆ దయ్యాలే' అంటాడు! ఇది 'బర్లాము, యోసాఫతు' అనే క్రైస్తవ సాధువుల గాథలోది. ఆ యోసాఫతు ఎవరో కాదు, బోధిసత్వుడే. బుద్ధుడి కథ అరబిక్, జార్జియన్, గ్రీకు, లాటిన్ భాషలు దాటుకుంటూ అక్కడికి చేరింది.

మనకు వెంటనే ఋష్యశృంగుడు గుర్తొస్తాడు. కానీ పోలిక ఉన్నంత మాత్రాన దారి దొరికినట్టు కాదు. 'దయ్యాలు' లాంటి చిన్న వివరం రెండుచోట్లా కలిస్తేనే అనుమానం బలపడుతుంది. 14వ శతాబ్దపు ఇటలీ రచయిత బొకాచో, పది రోజుల పాటు చెప్పుకున్న వంద కథలుగా రాసిన 'డెకామెరాన్'లో, నాలుగో రోజు మొదట్లో ఆ 'దయ్యాల'నే 'బాతులు' చేశాడు.

ఇప్పుడు మీ వంతు. నోవెల్లినో 73వ కథనూ, డెకామెరాన్ మొదటి రోజు మూడో కథనూ పక్కపక్కన పెట్టుకోండి. రెండింట్లోనూ సుల్తాను, యూదుడు, మూడు ఉంగరాలే. కలిసిన వివరాల కింద ఒక గీత, మారిన వాటి కింద రెండు గీతలు గీయండి.