పెద్దాయన ఏమన్నాడు?

నమస్కారం. మా పెదనాన్నగారు మొదలుకొని నాతో పనిచేసే కుర్రవాళ్ళ దాకా ఎందరో నన్ను ఒకే ప్రశ్న అడిగారు, అదీ ఇంచుమించు ఒకే మాటల్లో: “రైల్లో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు గంటల తరబడి లోకాభిరామాయణం మాట్లాడుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, నేను ఫోన్లో నాలుగు నిమిషాలు మాట్లాడితే మాత్రం పెట్టె అంతా నన్నే కొరకొరా చూస్తుంది. నోరొకటే, గొంతొకటే, మరి తేడా ఎక్కడుంది?” పైకి ఎంతో న్యాయంగా కనిపించే ఈ వాదన తప్పని తెలిసి కూడా, కారణం చక్కగా చెప్పలేక చాలాకాలం ఊరుకున్నాను. ఈ రోజు ఊరుకోదలచుకోలేదు.

ఫోను మర్యాద గురించి మనకు హితబోధ చేసేవారందరూ “మెల్లగా మాట్లాడండి” అన్నచోట ఆగిపోతారు. మెల్లగా మాట్లాడటం మంచిదే, కాదనను. అయితే తప్పంతా గొంతు హెచ్చులోనే ఉందని నమ్మడం వల్ల, తాము మెల్లగా మాట్లాడుతున్నామన్న ధీమాతో మనుషులు పక్కవాడి ప్రాణం తోడేస్తున్నారు. అసలు చిక్కు ఆ సంభాషణ మనకు సగమే వినపడటంలో ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను. దాన్ని ఈ వీడియో పొడుగునా వాడుకోబోతున్నాను గనుక కాస్త శ్రద్ధగా వినండి. ఒకసారి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖపట్నం నుంచి సికింద్రాబాదుకు వెళుతున్నాను. 1974 నుంచి నడుస్తున్న ఆ బండిలో ప్రయాణించని ఇల్లు మా వైపు దాదాపు ఉండదు. తుని దాటాక, సైడ్ లోయర్ బెర్తు మీద కూర్చున్న ఒక పెద్దమనిషికి ఫోను వచ్చింది. ఆయన అరవలేదు, పాపం, గొంతు తగ్గించే మాట్లాడాడు. మాకు వినపడినది ఇది:

“ఆ, చెప్పు బావా... ఆ... ఆ... అదే నేనూ అన్నాను... ఏమిటీ, ఆవిడే అందా?... అమ్మ బాబోయ్!... సరే, మరి పెద్దాయన ఏమన్నాడు?”

ఆ తరువాత సుమారు అర నిమిషం నిశ్శబ్దం. నా ఎదుట కూర్చున్న ఆవిడ పత్రికలో పేజీ తిప్పడం మానేశారు. పై బెర్తు మీది కుర్రవాడు ఒక చెవిలోంచి ఇయర్‌ఫోను తీశాడు. నేను నా పుస్తకంలోని ఒకే వాక్యాన్ని నాలుగోసారి చదువుతున్నాను. చివరికి ఆ పెద్దమనిషి దీర్ఘంగా నిట్టూర్చి “అంతేలే” అని ఊరుకున్నాడు. అంతేలే అంటే ఏమిటి? పెద్దాయన ఒప్పుకున్నట్టా, అడ్డం తిరిగినట్టా?

[తెరపై: “పెద్దాయన ఏమన్నాడు?”]

ఇది నా ఒక్కడి చాదస్తం అనుకోకండి. బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ మాంక్, ఆయన సహచరులు 2004లో ఒక ప్రయోగం ప్రచురించారు. రైళ్ళలోనూ, ఒక బస్‌స్టేషన్‌లోనూ 64 మంది సామాన్య ప్రజల పక్కన, ముందుగా సిద్ధం చేసుకున్న ఒకే సంభాషణను కొన్నిసార్లు ఇద్దరు మనుషుల చేత ముఖాముఖిగా, కొన్నిసార్లు ఒక మనిషి చేత ఫోన్లో జరిపించారు. గొంతు స్థాయి రెండు సందర్భాల్లోనూ సమానంగా ఉండేలా జాగ్రత్తపడ్డారు. ఆ తరువాత పక్కవారిని అడిగితే, ఫోను సంభాషణే ఎక్కువగా దృష్టిని లాగిందనీ, ఎక్కువ చికాకు పెట్టిందనీ తేలింది. మాంక్ బృందం మరో అడుగు ముందుకు వేసి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఉన్నా ఒకరి మాటలు మాత్రమే పక్కవారికి వినపడేలా చేసి చూసింది. అప్పుడు కూడా చికాకు ఫోనుతో సమానంగానే వచ్చింది. అంటే ఇందులో యంత్రం దోషం ఏమీ లేదన్నమాట. రెండో సగం లేకపోవడమే దోషం.

ఈ విషయాన్ని మరింత నిశితంగా పరిశీలించినది అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధించిన లారెన్ ఎంబర్సన్. 2010లో ఆమె బృందం ప్రచురించిన ప్రయోగంలో, కంప్యూటర్ తెరపై కదిలే చుక్కను మౌస్‌తో వెంబడించడం వంటి ఏకాగ్రత అవసరమైన పనులు కొందరికి అప్పగించి, వాళ్ళ చెవిలో ఒకసారి పూర్తి సంభాషణను, ఒకసారి ఒక మనిషి ఏకబిగిన చెప్పే మాటలను, ఒకసారి సగం సంభాషణను వినిపించారు. మొదటి రెండింటివల్ల పని చెడలేదు, సగం సంభాషణ వినపడినప్పుడు చెడింది. ఆపైన, అదే సగం సంభాషణను మాటలేవీ అర్థంకాకుండా మసకబరచి, మధ్యమధ్య ఆగి మళ్ళీ మొదలయ్యే చప్పుడుగా మాత్రమే వినిపిస్తే, ఆ చెరుపు మాయమైపోయింది. కాబట్టి హఠాత్తుగా మొదలై హఠాత్తుగా ఆగే శబ్దం కాదు మనల్ని బాధించేది. అర్థమయ్యే మాటకు ముందు వెనుకలు అందకపోవడం.

ఎందుకు అన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చెప్పే కారణం ఇది: వింటున్న మెదడు ఊరికే వినదు, తరువాత రాబోయే మాటను ముందుగానే ఊహిస్తూ ఉంటుంది. తెలుగువాడికి దీన్ని అర్థం చేయించడానికి ప్రయోగశాల అక్కరలేదని, అవధాన సభ చాలునని నా అభిప్రాయం.

అవధానంలో నిషిద్ధాక్షరి ఎలా జరుగుతుందో ఒక్కసారి గుర్తుచేసుకోండి. అవధాని ఒక అక్షరం చెప్పగానే, రాబోయే అక్షరమేదో పృచ్ఛకుడు, అంటే ప్రశ్నలు వేసే పండితుడు, ఊహించి దాన్ని నిషేధిస్తాడు. ఛందస్సు తెలుసు, విషయం తెలుసు, అంతకుముందు పడిన అక్షరాలన్నీ తెలుసు, కనుకనే ఊహించగలుగుతున్నాడు. మనం ఎవరి మాట విన్నా మన మెదడు చేసే పని సరిగ్గా ఆ పృచ్ఛకుడి పనే. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే ఇద్దరి విషయంలో ఆ ఊహలు చాలావరకు నిజమవుతూ ఉంటాయి గనుక, మెదడు కాసేపటికి ధీమా పడి వాళ్ళను వదిలేసి తన పని తాను చూసుకుంటుంది. ఇప్పుడు అవధాని ఒక అక్షరం పైకి చెప్పి, రెండోది పక్కవాడి చెవిలో మాత్రం ఊది, మూడోది మళ్ళీ పైకి చెబుతున్నాడనుకోండి. ఆ పృచ్ఛకుడికి పిచ్చెక్కదా? “ఏమిటీ, ఆవిడే అందా?” అన్న మాటకు ముందు బావగారు ఏమన్నారో తెలియదు, తరువాత ఏమనబోతున్నారో అంచనా కట్టడానికి ఆధారం లేదు. ఊహించడం మానేద్దామా అంటే, చెవికి రెప్ప లేదు.

వ్యస్తాక్షరితో పోల్చినా కుదురుతుంది. అందులో ఒక వాక్యంలోని అక్షరాలను వరుస తప్పించి, చీటీల మీద ఒక్కొక్కటిగా, అవధానం జరుగుతుండగానే అందిస్తారు. అవధాని వాటిని మనసులో దాచుకుని చివరికి వాక్యం కట్టి చెబుతాడు. మా పెద్దమనిషి మాకు ఇచ్చింది వ్యస్తాక్షరే, కాకపోతే సగం చీటీలు చింపేసి ఇచ్చాడు. ఏళ్ళ తరబడి సాధన చేసి, ఇష్టపడి వేదిక ఎక్కిన అవధానికే అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. టికెట్టు కొనుక్కుని నిద్రపోదామని వచ్చిన ప్రయాణికులను, అడగకుండా, చెప్పకుండా, అవధానులను చేయడం ఏ పాటి న్యాయం?

శబ్ద కాలుష్య నియంత్రణ కోసం 2000లో వచ్చిన నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు హద్దుగా పెట్టాయి. లౌడ్‌స్పీకర్లకు అటువంటి కొలత పనికివస్తుంది గాని మా పెద్దమనిషికి పనికిరాదు. డెసిబెళ్ళ లెక్కన రైలు చప్పుడే ఆయన గొంతుకన్నా పెద్దది. అయినా ఆ చప్పుడులో హాయిగా నిద్రపోతాము, ఎందుకంటే అది ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, దాంట్లో ఊహించవలసినది ఏమీ ఉండదు. పట్టాల మోత మనల్ని ఏ ప్రశ్నా అడగదు. “పెద్దాయన ఏమన్నాడు?” అన్నది ప్రశ్న.

ఇక మర్యాద సంగతికి వస్తాను. అర్వింగ్ గాఫ్‌మన్ అనే సమాజ శాస్త్రవేత్త 1963లో, అపరిచితుల మధ్య నడిచే ఒక అలిఖిత ఒప్పందాన్ని వర్ణించాడు. ఒకరినొకరు గమనించినట్టు ఒక్క క్షణం చూపుతో తెలియజేసి, ఆపైన చూసీ చూడనట్టు ఉండటమే ఆ ఒప్పందం. మన ఇరుకు బస్సులు, మన కలిసిమెలిసిన ఇళ్ళు నడిచేదే దానిమీద. “విన్నా విననట్టుండు” అని పెద్దలు పిల్లలకు చెప్పేదీ అదే. ఫోన్లో మాట్లాడే మనిషి ఆ బరువంతా పక్కవారి మీద వేస్తాడు. తన ఇంటి పెళ్ళి సంబంధం గొడవ తానే మన ముందు పరుస్తాడు, మనం మాత్రం విననట్టు నటించాలి. ఎదురుగా ఉన్నావిడ పేజీ తిప్పకుండానే పత్రిక పట్టుకుని కూర్చున్నారు చూశారూ, అది ఆ నటనే. నిజానికి సిగ్గుపడవలసింది ఆవిడ కాదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఇతరుల తప్పుకు వాళ్ళ పరిస్థితిని కాక స్వభావాన్ని కారణంగా చూడటం మనుషులకు అలవాటు. లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో దీనికి ఒక పేరే పెట్టి వివరించాడు. ఆ బావగారి ఫోను ఎంత అత్యవసరమో మాకు తెలియదు. అయినా సామర్లకోట వచ్చేసరికి మా వరుసలోని వాళ్ళందరమూ ఆ పెద్దమనిషిని “మంచీ చెడ్డా తెలియని మనిషి” కింద జమకట్టేశాము. ఆయన మాత్రం తాను మెల్లగానే మాట్లాడానన్న తృప్తితో ఫోను జేబులో పెట్టుకున్నాడు. మనిషి మీద చెడ్డ అభిప్రాయం కలిగించే అలవాట్లలో ఇది ఇంత మొండిగా నిలిచిపోవడానికి కారణం ఇదే. చేసేవాడికి నిశ్శబ్దం వినపడుతుంది, ఆ నిశ్శబ్దాన్ని అంగీకారం అనుకుంటాడు.

అనుకున్న సమయం దాటిపోతోంది కనుక మిగిలినవి గబగబా చెబుతాను. “సగమే వినపడటం బాధ అయితే స్పీకరు పెడతాను, అంతా వినండి” అని ఎవరైనా తెలివి ప్రదర్శించవచ్చు. ఊహించే బాధ తగ్గే మాట నిజమే. కానీ అవతల మాట్లాడుతున్న బావగారికి తన మాటలు పెట్టెలోని వాళ్ళందరూ వింటున్నారని తెలియదు. అది అమర్యాదను దాటి నమ్మకద్రోహం దాకా పోతుంది. పైగా ఆ చిన్న స్పీకరులో అవతలి గొంతు కీచుగా, తెగిపోతూ వస్తుంది గనుక మళ్ళీ ఊహించడం మొదటికొస్తుంది.

మెల్లగా మొదలుపెట్టిన వాళ్ళు కూడా చివరికి అరుస్తారెందుకంటే, చుట్టూ చప్పుడు పెరిగేకొద్దీ మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఎత్యేన్ లొంబార్ అనే ఫ్రెంచి చెవి వైద్యుడు 1911లో దీన్ని గురించి రాశాడు, ఆయన పేరుతోనే దాన్ని పిలుస్తారు. దీనికి తోడు, ఫోను చెవికి ఆనించినప్పుడు మన గొంతు మన చెవికే కొద్దిగా తిరిగి వినిపించే ఏర్పాటు ఒకటి ఉంటుంది, సైడ్‌టోన్ అంటారు. అది బలహీనమైతే మనం ఎంత గట్టిగా మాట్లాడుతున్నామో మనకే అంతుపట్టదు.

రీల్స్ సంగతి వేరు. అక్కడ సగం సంభాషణ ఉండదు గాని, ప్రతి అర నిమిషానికీ కొత్త గొంతు, కొత్త పాట, ఏదీ పూర్తికాదు. నోటిఫికేషన్ల గంటలైతే అచ్చంగా ఘంటాగణనమే, ఎన్ని మోగాయో లెక్క చెప్పమని అడిగేవాడొక్కడే తక్కువ. 1979లో సోనీ సంస్థ మొదటి వాక్‌మన్‌ను తెచ్చినప్పుడు, ఒక్కరే పాటలు వినడం పక్కవారికి అమర్యాదగా తోస్తుందేమోనని జంకి, రెండో మనిషి కోసం ఇంకొక హెడ్‌ఫోను పెట్టుకునే వీలు కల్పించింది. ఆ జంకు ఎక్కడికి పోయిందో నాకు అర్థం కాదు.

రైల్వే శాఖ 2022 జనవరిలో, రాత్రి పది దాటాక పెట్టెలో గట్టిగా ఫోను మాట్లాడటం, పాటలు పెట్టడం కూడదని ఆదేశించింది. పది లోపల ఏం చేయాలన్నది మన విజ్ఞతకు వదిలేశారు. నేను చేసేది ఇంతే: ఫోను వస్తే “బండిలో ఉన్నాను, దిగాక చేస్తాను” అని పెట్టేస్తాను; తప్పనిసరి అయితే లేచి వాష్‌బేసిన్ వైపు వెళతాను. ఎదుటివాడికి చెప్పవలసి వస్తే గొంతు గురించి ఎత్తను, ఎత్తితే “నేను మెల్లగానే మాట్లాడుతున్నానండీ” అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. “ఏమీ అనుకోకండి, మీ మాటలన్నీ మాకు వినపడుతున్నాయి” అంటాను. చాలామంది అంతటితో సర్దుకుంటారు.

ఆ రోజు మాత్రం ఆ మాట అనలేకపోయాను. పెద్దమనిషి రాజమండ్రిలో దిగిపోయాడు. బండి గోదావరి వంతెన ఎక్కాక ఎదుటి సీటావిడ పత్రిక పక్కన పెట్టి, “ఇంతకీ ఒప్పుకున్నట్టేనంటారా?” అని అడిగారు. ఎవరు, ఏమిటి అని నేను అడగలేదు. “అంతేలే అన్నారు కదండీ, ఒప్పుకునే ఉంటారు” అన్నాను. పై బెర్తు మీది నుంచి కుర్రవాడు తల వంచి, “లేదు సార్, ఆ నిట్టూర్పు చూస్తే కుదిరినట్టు లేదు” అన్నాడు.