హైదరాబాద్ నుంచి లండన్: దూరమెంత, విమానంలో ఎన్ని గంటలు?

నమస్తే అండీ. లండన్ ఎంత దూరం, విమానంలో ఎన్ని గంటలు పడుతుంది, ఇవాళ మనమే లెక్క కడదాం. స్క్రీన్ కనిపిస్తోంది కదా, గూగుల్ మ్యాప్స్. ఫోన్‌లోనూ వస్తుంది కానీ వేలితో కాస్త చిరాకు, కంప్యూటర్‌లోనే తెరవండి.

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మీద రైట్ క్లిక్, మెజర్ డిస్టెన్స్. ఇప్పుడు జూమ్ అవుట్... ఇంకా... ఇదిగో లండన్ హీత్రో ఎయిర్‌పోర్ట్, ఇక్కడో క్లిక్. అంతే. దాదాపు 7,750 కిలోమీటర్లు. గీత వంకరగా వచ్చిందేంటి అనుకోకండి, భూమి గుండ్రం, మ్యాప్ బల్లపరుపు. ఇంట్లో గ్లోబు ఉంటే దారం బిగించి చూడండి, అదే దారి వస్తుంది.

నేనైతే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ సైట్ వాడతాను. ఎయిర్‌పోర్ట్ కోడ్‌లు కొడితే చాలు: హైదరాబాద్‌ది హెచ్‌వైడి, అడ్డగీత, హీత్రోది ఎల్‌హెచ్‌ఆర్, ఎంటర్. క్లిక్కుల గొడవే లేదు. అన్నట్టు హెచ్‌వైడి అంటే ఒకప్పుడు బేగంపేట. 2008లో ఆ కోడ్ శంషాబాద్‌కి వెళ్లిపోయింది, బేగంపేటది ఇప్పుడు బీపీఎం.

సరే, టైమ్. పెద్ద జెట్ వేగం గంటకు 900 కిలోమీటర్లు, అటూ ఇటూగా. భాగిస్తే ఎనిమిదిన్నర గంటల పైమాట. పైకి లేవడానికి, దిగడానికి ఓ అరగంట వేసుకోండి. తొమ్మిది దాటింది. కానీ పైన జెట్ స్ట్రీమ్ అనే జోరుగాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, అందుకే పది దాటుతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఇక్కడ కొంచెం ఆగుదాం. జులైలో టికెట్ ఉందనుకోండి. ఉదయం 7కి బయలుదేరి మధ్యాహ్నం 1కి చేరుతుందని రాసుంది. ఓహో, ఆరు గంటలే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆ ఒంటిగంట లండన్ టైమ్. జులైలో మనం లండన్ కంటే నాలుగున్నర గంటలు ముందుంటాం, కాబట్టి మన టైమ్‌లో సాయంత్రం 5:30. ఇప్పుడు తీసేయండి, పదిన్నర గంటలు. మళ్లీ చెబుతున్నా, రెండు టైమ్‌లూ ఒకే గడియారంలోకి తెచ్చాకే తీసివేత. తిరుగు టికెట్ చూడండి: లండన్‌లో రాత్రి 9, ఇక్కడ మర్నాడు ఉదయం 11. చూడ్డానికి 14 గంటలు. రాత్రి 9 అంటే మనకి అర్ధరాత్రి దాటి 1:30. అంటే తొమ్మిదిన్నరే.

ఇంకో మెలిక ఉంది. మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబర్ ఆఖరి ఆదివారం దాకా తేడా నాలుగున్నర గంటలు. చలికాలంలో ఐదున్నర. నెల చూడకుండా లెక్క మొదలెట్టొద్దు.

దుబాయ్, దోహా మీదుగా అయితే రెండు ముక్కలూ విడివిడిగా కొలిచి, మధ్యలో ఆగే టైమ్ కలుపుకోండి. పెద్ద పనేం కాదు.

చివరగా, విమానం ఈ గీత మీదే పోతుందని లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలం మన ఎయిర్‌లైన్స్‌కి మూసేశాక, ఢిల్లీ నుంచి యూరప్ వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది. అసలు దారి కావాలంటే విమానం ఇప్పుడు ఎక్కడుందో చూపించే ఫ్లైట్‌రాడార్24 సైట్ తెరిచి ఫ్లైట్ నంబర్ కొట్టండి. ఇదిగో, ఈ రంగు గీత. ఎయిర్‌పోర్ట్‌కి ఎవరినైనా తీసుకురావడానికి వెళ్తుంటే టికెట్ కాదు, ఇది చూసి బయలుదేరండి.