దిండు గలీబంత బ్యాగు వచ్చింది: క్రోషే కిట్ రివ్యూ

నమస్తే అండి. కొక్కెం సూదితో దారం అల్లి బ్యాగు చేసుకునే క్రోషే కిట్ ఇది. ముందే చెప్పేస్తున్నా, కంపెనీవాళ్లు నాకు ఫ్రీగా పంపారు. ఎన్ని దారం ఉండలు, ఏ రంగులు, రేటెంత... అవన్నీ నేను చదవను. పెట్టె మీద ‘కొత్తవాళ్లకి’ అని రాశారు కదా, నేను అల్లితే ఏం తెలుస్తుంది? అందుకే సూది ఎప్పుడూ పట్టని మా ఫ్రెండ్‌ని ఎంవీపీ కాలనీ నుంచి రప్పించి మా బాల్కనీలో కూర్చోబెట్టా.

గొలుసు కుట్టు పది నిమిషాల్లో పట్టేసింది. అసలు గొడవ కిట్‌లో ఇచ్చిన పుస్తకం తెరిచాక మొదలైంది.

అందులో బ్యాగంతా ‘డబుల్ క్రోషే’ అనే కుట్టు వెయ్యమన్నారు. నేను నేర్చుకున్నది అమెరికా వీడియోలు చూసి. సూదికి ముందు ఒక చుట్టు వేసుకుని, అప్పుడు గుచ్చాలి, అదీ నాకు తెలిసిన డబుల్. అదే నేర్పా. మూడు సాయంత్రాలు అల్లింది పాపం. నాలుగో రోజు ఎత్తి చూపించి, ‘ఏటే ఇది, దిండు గలీబులా ఉంది?’ అంది. నిజమే! పైగా కన్నాలు. లోపల పెన్ను వేస్తే కింద నేల మీదుంది.

చూస్తే పుస్తకం బ్రిటిష్ పద్ధతిలో రాశారు. వాళ్లు డబుల్ అనేది అమెరికావాళ్ల సింగిల్. ముందు చుట్టు ఉండదు, పొట్టిగా, దగ్గరగా పడుతుంది. అమెరికా డబుల్‌ని బ్రిటిష్‌వాళ్లు ట్రెబుల్ అంటారు. ఏ పద్ధతో మొదటి పేజీలో ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది వీళ్లకి? కుట్టు పొడుగైంది కాబట్టి బ్యాగు సాగింది, దారం కూడా ఎక్కువ తాగింది. పసుపు ఉండ సగంలోనే అయిపోయింది. మొత్తం విప్పించా. దాని ముఖం నేను వీడియోలో పెట్టను, తిడుతుంది.

మా అమ్మమ్మది నరసాపురం వైపు. సన్న నూలుతో లేసు అల్లేది, పుస్తకమూ లేదు, పేర్లూ లేవు, పక్కనున్నవాళ్ల చేతులు చూసి నేర్చుకుంది. ఆ నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి ప్రత్యేకత అని చెప్పే ముద్ర, వచ్చింది తెలుసా! సరే, దారి తప్పాను.

దారం మాత్రం బాగుందండీ. కాటన్. ఇంతకుముందు కొన్న కిట్‌లో యాక్రిలిక్ వచ్చింది. మన వైజాగ్ ఉక్కపోతలో చెమట చేతులతో అది అల్లితే దారం వేళ్లకి అతుక్కుపోయేది, చిరాకు. ఈ కాటన్ చెమట పీల్చేసుకుంది. నాలుగు మిల్లీమీటర్ల సూదికి రబ్బరు పట్టు కూడా ఉంది, వేలు నొప్పి లేదు.

రెండోసారి సింగిల్‌తో అల్లితే గట్టిగా, ముద్దుగా వచ్చింది. పసుపు, నీలం, గులాబీ చారలు. కాకపోతే దాంతో రైతుబజారుకి వెళ్లి రెండు కిలోల ఉల్లిపాయలు వేసింది. చెయ్యి పట్టే తాడు సాగి సంచి మోకాలి దగ్గరికొచ్చేసింది. తాడుకి లోపల ఒక గుడ్డ పట్టీ కుట్టుకోండి, పుస్తకంలో ఆ సంగతే లేదు.

కొనమంటానా? దారం కోసం కొనండి. పుస్తకం మాత్రం పక్కన పడెయ్యండి, వీడియో కింద నేను పెట్టిన కొలతలు చూసుకోండి. మా ఫ్రెండ్ అయితే అప్పుడే రెండోది మొదలెట్టింది, ఈసారి వాళ్లమ్మకట. పసుపు ఉండ కోసం నన్ను పూర్ణా మార్కెట్‌కి రమ్మంటోంది.